పంట తేదీయు పండుగ తేదీయు

వ్యవసాయము చేయువాని యింట ఏడాది పొడుగునను రెండు లెక్కలు నడచుచుండును. ఒకటి కార్తెల లెక్క. రెండవది తిథుల లెక్క. దుక్కియు, విత్తును, నాటును కార్తెలను చూచి సాగును. పండుగలు తిథులను చూచి వచ్చును. ఈ రెండు లెక్కలును ఒక్క పంచాంగములోనే యున్నను వాని నడక వేరు. ఆ భేదమును గమనింపకపోవుటవలన నవీపేట, రెంజలు, ఎడపల్లి, బోధను ప్రాంతముల రైతులలో పలువురు నష్టపడుచున్నారు. ఆ నష్టమెట్టిదో, దానిని తప్పించుకొను మార్గమేదో సభ్యులకు విన్నవించుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. పండుగలు మానుడని చెప్పుట మా యుద్దేశము కాదు. పండుగ లేని పల్లె పనికి తప్ప దేనికిని కలియని పల్లె యగును. పండుగను పండుగగా నిలుపుకొనుట యెట్లనునదియే మా విచారము.

ముందుగా లెక్క సంగతి. కార్తె సూర్యుని గమనమునుబట్టి యేర్పడినది. కావున మృగశిర ప్రతి సంవత్సరమును జూన్ 7 లేక 8 తేదీ ప్రాంతముననే ప్రవేశించును. తిథి చంద్రునిబట్టి యేర్పడినది. పండ్రెండు చాంద్రమాసములు కూడినచో సౌర సంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ. ఆ లోటును పూరించుటకు రెండున్నర, మూడేండ్ల కొకమారు అధికమాసమును చేర్చుదురు. అందుచేత ఒకే పండుగ ఒక యేడు ముందుగాను, మరియొక యేడు వెనుకగాను వచ్చుచుండును. 2023వ సంవత్సరమున శ్రావణము అధికమగుటచేత బతుకమ్మ అక్టోబరు 14న ఆరంభమైనది. 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న ఆరంభమైనది. రెండేండ్లలో ఇరువదిమూడు దినములు ముందునకు జరిగినది. ముహర్రము అట్లుగాదు. దాని లెక్కలో అధికమాసము లేదు గనుక ఏడాదికి సుమారు 11 దినముల చొప్పున వెనుకకు నడచుచు, ముప్పదిమూడేండ్లలో అన్ని ఋతువులను చుట్టి వచ్చును. అందువలన పీర్ల పండుగ ఒకప్పుడు నాట్లలోను, ఒకప్పుడు కోతలలోను పడును. ఊరిలోని హిందువులును ముసల్మానులును కలిసి చేయు పండుగయైనను అది పంటతో ముడిపడినది కాదు. తక్కినవి చాలమట్టుకు పంటతో ముడిపడినవే.

ఏరువాకనుండి పొలాల వరకు

జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక. నాగలిని కడిగి పసుపు కుంకుమలు పెట్టి, ఎడ్లను పూజించి, తొలి చాలు దున్నుట ఆచారము. ఇందులో మన పెద్దలు దాచిన వివేకము గలదు. ఊరివారందరు ఒకే దినమున నాగళ్లు బయటికి తీయుటచేత ఎవని నాగలికి కర్రు లేదో, ఎవని కాడి విరిగినదో, ఎవని యింట విత్తనము లేదో ఆనాడే తెలిసిపోవును. నేడు నాగలికి మారుగా ట్రాక్టరును కడిగి బొట్టు పెట్టుచున్నారు. అందులో తప్పులేదు. కాని తిథిని చూచి తొలి చాలు దున్నవలెను గాని తిథిని చూచి విత్తరాదు. నేల తడిసి, తడి అడుగుదాక దిగిన పిమ్మటనే సోయాను విత్తవలెను. ఏరువాకనాడు చేయదగిన పని మరియొకటి కలదు. నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి ఉంచి, ఎన్ని మొలచినవో లెక్కించుట. సోయాలో డెబ్బదికి తక్కువ మొలచిన విత్తనమును మానుట మేలు. పండుగనాడు చేసిన పని మరపునకు రాదు.

శ్రావణ బహుళ అమావాస్య పొలాల అమావాస్య. గోదావరి కిరువైపుల నున్న మన ప్రాంతమునను, ఆవలి మహారాష్ట్ర గ్రామములలోను ఇది యెడ్ల పండుగ. ఆనాడు ఎడ్లకు కాడి పెట్టరు, ములుకోల తాకింపరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, హనుమంతుని గుడిచుట్టు త్రిప్పి, ఇంటికి తెచ్చి పోలెలు తినిపింతురు. ఎడ్లు లేనివారు మట్టి యెడ్లను చేసి పూజింతురు. నాట్ల బురదలో రెండు మాసములు శ్రమపడిన పశువునకు ఈ విశ్రాంతి సమయమునకు వచ్చినది. ఎద్దును కడుగునప్పుడే మెడమీది కాడి పుండును, గిట్టల నడుమ చీమును, నోటిలోని పొక్కులను రైతు కన్నులార చూచును. పశువైద్యుడు చేయు పరీక్ష యిదియే.

ఇట్టి యాచారము మన దేశముననే కాదు. ఐరోపాఖండమున ఇటలీ యను దేశము కలదు. దాని నడుమభాగమంతయు కొండలు. ఆ కొండల శిఖరములమీద పాతకాలపు చిన్న పట్టణములు కలవు. చుట్టునున్న వాలునేలలలో ద్రాక్ష, ఆలివు, గోధుమ పండింతురు. అచ్చట జనవరి 17వ తేదీన ఆంతోని యను సన్న్యాసి పేర పండుగ జరుగును. ఆయనను పశువుల కాపుదలకర్తగా భావింతురు. ముందటి రాత్రి కొన్ని యూళ్లలో పెద్ద మంటలు వేయుదురు. మరునాడు ఎద్దులను, గుర్రములను, గాడిదలను, గొఱ్ఱెలను చర్చి ముందునకు తోలుకొని వచ్చి గురువుచేత దీవింపజేయుదురు. మతము వేరు, దేశము వేరు. అయినను పశువు లేనిదే సేద్యము లేదని తెలిసిన రైతు ఎక్కడనైనను ఒక్కటే దినచర్యను కల్పించుకొనినాడు. ఇప్పుడు అక్కడను ఎద్దులు తగ్గిపోయినవి. పిల్లలు కుక్కలను, పిల్లులను తెచ్చుచున్నారు. ట్రాక్టరులను సైతము దీవించు నూళ్లు కలవు. మన యెడ్ల పండుగయు ఆ దారినే పోవుచున్నది. ఎడ్లు లేకున్నను పాలిచ్చు గేదె యున్నది గదా! పొలాలనాడు గేదెను కడిగి చూచి, గాలికుంటు టీకా వేయించినదియు లేనిదియు సరిచూచుకొనినచో పండుగ యొక్క ప్రయోజనము నిలిచియుండును.

ఊర పండుగ

ఆషాఢమాసమున ఒక ఆదివారమునాడు నిజామాబాదు పట్టణమున ఊర పండుగ జరుగును. కర్రతో చెక్కిన గ్రామదేవతల మూర్తులను డప్పులతో ఊరేగింతురు. 'సరి' యను ప్రసాదమును చల్లుచుండగా జనులు పోటీపడి యందుకొందురు. దానిని ఇంటను, పొలమునను చల్లినచో రోగములు రావనియు, పంట బాగుగా పండుననియు నమ్మిక. వానలు మొదలై కొత్తనీరు కలియు దినములలోనే పూర్వము వాంతి భేదుల వ్యాధి ప్రబలుచుండెడిది. అట్టి కాలమున ఊరంతయు శుభ్రపరచుకొని ఏకమై నిలుచుట ఈ పండుగలోని సారము. నేటికిని ఆ మాసమున బావులలో మందు కలిపించుట, మురుగు తీయించుట మరువరాదు.

ఈ పండుగ యెవ్వరి యొక్కరిదియు కాదు. చెక్కువారు వేరు, మోయువారు వేరు, డప్పు వాయించువారు వేరు, చందా యిచ్చువారు వేరు. అన్ని కులములవారి పనియు కూడిననే పండుగ సాగును. సహకార సంఘమను మాట పుట్టకముందే పల్లెలలో సహకారము ఈ రూపమున నుండెను. మన జిల్లాలో అనేక గ్రామములందు గ్రామాభివృద్ధి కమిటీలే ఈ ఖర్చులను నిర్వహించుచున్నవి. వాని కొక మనవి. చందా యెంత వచ్చినది, దేనికెంత ఖర్చైనది అను లెక్కను పండుగ ముగిసిన వారములోగా చావడివద్ద చదివి వినిపింపవలెను. ఇయ్యలేనివానిని బలవంతపెట్టరాదు. మన ప్రాంతపు క్రైస్తవ సంఘములలో జరుగు కోతపండుగ ఇందు కొక మాదిరి. ఎవరి శక్తికొలది వారు వరిపనయో, గుమ్మడికాయయో, కోడియో తెత్తురు. దానిని అందరియెదుట వేలము వేయుదురు. కలవాడు హెచ్చుధరకు పాడుకొనును. లేనివాడు తెచ్చిన గుప్పెడు గింజలకును అచట గౌరవము కలదు.

బతుకమ్మయు దసరాయు

భాద్రపద అమావాస్య యెంగిలిపువ్వు మొదలు సద్దులవరకు తొమ్మిది సాయంకాలములు మన యాడుబిడ్డలు పూలను పేర్చి ఆడి పాడుదురు. 2014వ సంవత్సరమునుండి ఇది తెలంగాణ రాష్ట్ర పండుగ. ఈ పండుగ యొక్క గొప్పతనము దాని ఖర్చులేమిలో నున్నది. తంగేడు బీడునేలలో పూచును. గునుగు జొన్న, మక్క చేలలో కలుపుగా మొలచును. గుమ్మడిపూవు పెరటిలోనిది. బంతి గట్టుమీదిది. సద్దులకు కావలసిన నువ్వులు, పల్లీలు, పెసలు తన చేనిలోనివే. తుదకు చేరునది ఊరి చెరువు. కొనవలసినది యేమియు లేదు. పండుగ పొలమునుండి వచ్చినది. పండుగకై పొలమును తాకట్టు పెట్టవలసిన పనిలేకుండెను.

నేడు ఈ పూలు దొరకుట కష్టమైనది. చేనినిండ కలుపుమందు కొట్టుటచేత గునుగు మాయమగుచున్నది. బీళ్లన్నియు దున్నబడుటచేత తంగేడు తరుగుచున్నది. పట్టణపు అంగడిలో గునుగుకట్టను రూపాయలిచ్చి కొనుచున్నాము. చేనిలో గునుగును పెంచుడని మేము చెప్పుటలేదు. పైరులో నది కలుపే. కాని గట్లమీదను, కాలువ యంచులందును మందు కొట్టకుండ విడిచినచో పండుగకు పూలు దక్కును. తేనెటీగలకును ఆహారము దొరకును. తంగేడు ఆకు పచ్చిరొట్ట యెరువుగను పనికివచ్చును.

దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొందురు; పాలపిట్టను చూచుట శుభమందురు. జమ్మి వేళ్లు లోతుగా దిగును, నీడ పలుచన, పప్పుజాతి చెట్టగుటచేత దాని క్రింది నేల సారము గలిగియుండును, ఆకు మేకలకు మంచి మేత. పాలపిట్ట మిడుతలను, పురుగులను తిని చేనికి మేలుచేయును. ఈ రెంటిని పూజింప నేర్పినవారు సేద్యము తెలిసినవారే. అయితే కొమ్మలకు కొమ్మలు విరిచి జమ్మిని మోడు చేయుటయు, పాలపిట్టను పట్టి పంజరమున చూపి డబ్బు వసూలు చేయుటయు కూడని పనులు. పక్షిని పట్టుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

పండుగకై అమ్మిన పంట

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. బోధను ప్రాంతమున పూర్వము చెరకు ప్రధాన పంట. నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిమ్మట ఆ నేలలలో అధికభాగము వరికిని, సోయాకును మారినది. జూన్ నడుమ విత్తిన సోయా నూరు దినముల పంట. సెప్టెంబరు చివరనో అక్టోబరు మొదటి వారములోనో కోతకు వచ్చును. వానకాలపు వరి అంతకంటె వెనుక. పసుపు మాఘ ఫాల్గుణములలో గాని చేతికి రాదు. నాట్లు, ఎరువులు, కూలీలకు చేతిలోని రూకలన్నియు చెల్లిపోయిన సమయమున బతుకమ్మ, దసరా వచ్చును. 2023లోవలె పండుగ వెనుకగా వచ్చినయేడు సోయా ఆరి, అమ్ముడై, రైతు చేత నాలుగు రూపాయలుండును. 2025లోవలె అక్టోబరు 2ననే దసరా వచ్చినయేడు సోయా ఇంకను చేనిలోనో, కల్లములోనో తడిగా నుండును. ఆడుబిడ్డ వచ్చినది, పిల్లలకు బట్టలు కావలెను. ఏమి చేయును? తడి సరుకునే తూకమునకు పెట్టును.

ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో సోయాకు తేమ నూటికి 12 పాళ్లు, వడ్లకు 17 పాళ్లు మించరాదని నియమము. తడి సోయాను కేంద్రమువారు తీసికొనరు. రైతు బయటి వ్యాపారివద్దకు పోవును. ఇచ్చట సభ్యులు ఒక లెక్కను గుర్తుంచుకొనవలెను. 18 పాళ్ల తేమగల నూరు కిలోల సోయా 12 పాళ్లకు ఆరినచో సుమారు 93 కిలోలు మిగులును. కావున న్యాయమైన తరుగు 7 కిలోలు మాత్రమే. ఉదాహరణకు ఆరిన సోయా క్వింటాలు 4,000 రూపాయలైనచో ఆ తడి సోయాకు 3,727 రూపాయలు రావలెను. పండుగ తొందరలో రైతు 3,300కు ఇచ్చినచో క్వింటాలుకు 427 రూపాయలు పోయినవి. పది క్వింటాళ్లకు 4,270. నాలుగు ఎండలు కాయనిచ్చినచో మిగులు సొమ్మది. వడ్డీ యని పేరులేదు గాని అది పండుగకు చెల్లించిన వడ్డీయే. తిథిని మనము మార్పలేము. సోయా తేదీని మార్పలేము. మార్పగలిగినది సొమ్ము సమకూర్చుకొను తేదీ యొక్కటే.

ఇందుకు మార్గము సులభము. యాసంగి వడ్లు అమ్మినప్పుడును, పసుపు అమ్మినప్పుడును రైతు చేత సొమ్ముండును. అప్పుడే క్వింటాలుకు కొంత యని నిర్ణయించి పండుగ పొదుపుగా తన ఖాతాలో జమచేసి, బతుకమ్మకు వారము ముందు తీసికొనవలెను. ఇరువదిమంది సభ్యులు కలిసి ఒక జట్టుగా చేసినచో ఒకరినిచూచి యొకరు నిలుపుకొందురు. విత్తనములకై తీసిన పంట అప్పును బట్టలకు వాడుట మాత్రము కూడదు.

మాంసపు ఖర్చు విషయమును చెప్పవలెను. నవీపేటలో శనివారము జరుగు మేకల సంత దూరప్రాంతములవారికిని తెలిసినది. పండుగ ముందటి శనివారము ధర పెరుగుననుట అందరెరిగినదే. మేకలు పెంచు సభ్యుడు ఆ వారమున అమ్మవలెను. కొనువాడు రెండుమూడు వారములు ముందుగా కొనవలెను. నలుగురు కలిసి యొక మేకను కొని పోగులు వేసికొను పాత పద్ధతి మిక్కిలి మేలైనది. పోగులన్నియు సమానముగా నుండును; ఎక్కువ తక్కువలని తగవుండదు.

కామదహనము, పిడిగుద్దులాట

ఫాల్గుణ పూర్ణిమకు పసుపు ఉడుకబెట్టుట, ఆరబెట్టుట జరుగుచుండును. పిల్లలు కామునికి కట్టెలు సేకరింతురు. దొంగిలించి తెచ్చుటయు వేడుకయే. నాగటికర్రయు కంచెమొద్దులును మంటలో పడకుండ చూచుకొనవలెను! మంటను గడ్డివాములకు దూరముగా వేయవలెను.

హోలీనాడు సాలూర మండలమునందలి హున్స గ్రామమున పిడిగుద్దులాట జరుగును. నూరేండ్లకు మించిన యాచారమని గ్రామస్థులు చెప్పుదురు. నడుమ త్రాడు కట్టి, రెండు పక్షములవారు దాని కిరువైపుల నిలిచి పిడికిళ్లతో గుద్దుకొందురు. కొంతసేపటికి ఆట ఆపి ఆలింగనము చేసికొందురు; గాయములకు కామదహనపు బూడిద పూసికొందురు. పోలీసువారు అభ్యంతరము చెప్పియున్నారు. దెబ్బలాట మంచిదని మేమును చెప్పము. కాని ఆటయందు గెలుపు ఓటములు లేకపోవుటయు, పిమ్మట పగ మిగులకపోవుటయు గమనింపదగినవి.

పైన చెప్పిన ఇటలీ కొండపట్టణములలో గుబ్బియో యనునది యొకటి. అచ్చట మే 15వ తేదీన మూడు గొప్ప కర్ర స్తంభములను భుజములమీద మోసికొని కొండమీది గుడికి పరుగెత్తుదురు. ఒక్కొక్కటి మనిషికి రెండింతలకు మించిన యెత్తు. మొదటిది తాపీపనివారిది, రెండవది వర్తకులది, మూడవది రైతులది. ఉబాల్డో యను పూర్వపు గురువు పేరిటి మొదటి స్తంభమే ప్రతియేటను ముందు పోవును. దానిని ఎవ్వరును దాటరాదు. రైతుల స్తంభము తుదిని చేరును. అయినను పడకుండ, వంగకుండ, వెనుకబడకుండ మోసికొనిపోవుటే వారి ఘనత. గెలుచుటకు గాక నిలుపుటకై పరుగెత్తు ఆట యది. పంట పండించువారి కంతకంటె తగిన యాట వేరొకటి యుండునా!

ఆ దేశమువారినుండి నేర్వదగినది మరియొకటి కలదు. రోము నగరమునకు చేరువనున్న మారీనో యను కొండయూరిలో 1925నుండి అక్టోబరు మొదటి ఆదివారమున ద్రాక్షపండుగ జరుపుచున్నారు. ఆనాడు ఊరి నడుమ నీటిధారనుండి ద్రాక్షసారాయము పారింతురు. సారాయమును మేము కోరము. కాని పంట పేర పండుగ చేసి, వచ్చినవారికి పంటనే అమ్ము తెలివిని కోరుచున్నాము. కార్తికమున భీమ్‌గల్ లింబాద్రిగుట్ట జాతరకు వేలమంది వత్తురు. బడాపహాడ్ దర్గాకు అన్ని మతముల రైతులును పోవుదురు. అట్టి చోట్ల బొమ్మలు, పూసలు, మిఠాయిలు అమ్ముదురు. మన పసుపు నమ్మువారెందరు? జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదునందే ఆరంభమైనది. సభ్యులు దంచి, జల్లించి, సంఘపు పేర పొట్లములు కట్టిన పసుపును జాతరలో నమ్మినచో పండుగ ఖర్చు మార్గమే గాక రాబడి మార్గమును అగును.

సారాంశ మిది. పండుగనాడు చేయవలసిన సేద్యపు పనిని విడువరాదు. పొలమిచ్చిన దానితో పండుగ చేయవలెను. అది చాలనిచో యాసంగి సొమ్మునుండి ముందుగానే తీసి యుంచవలెను. తడి పంటను పండుగకై అమ్మరాదు. ఈ యేడు యాసంగి వడ్లు తూచిననాడే ప్రతి సభ్యుడును తన యింటి ఆడువారిని అడిగి దసరా ఖర్చును వ్రాసికొని, ఆ మొత్తమును సంఘములో జమకట్టవలసినదిగా కోరుచున్నాము. లెక్కలో ఆడువారి మాటనే ప్రమాణముగా తీసికొనుడు. పూలు పేర్చువారికే పండుగ ఖర్చెంతో తెలియును.